పదమూడు పాటలకి ఒకటే పేరు

తెలుగు పాటలన్నిటికీ ఒకే పేరు పెట్టాలని నేను ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను!

నవ్వకండి. సరదాకి అంటున్న మాట కాదు. భిలాయి స్టీల్ ప్లాంటు టైమ్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళుగా హాజరు పట్టీలు రాస్తున్నవాణ్ణి. పేర్ల వల్ల మనిషికి ఎంత శ్రమో నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

ఈమధ్య పత్రికల్లో కొందరు పెద్దమనుషులు తెగ బాధపడిపోతున్నారు. పాటల్లో కొత్తదనం లేదట! ఒకే పల్లవి, ఒకే పేరు, పది సినిమాల్లో పది పాటలట! ఉంటే ఏమిటండీ నష్టం? మా ప్లాంటులో రైలు పట్టాలు తయారవుతాయి. ఇవాళ్టి పట్టా అచ్చం నిన్నటి పట్టాలాగే ఉంటుంది. ఉండాలి కూడా! కొత్తదనం లేదని ఇంతవరకు ఏ రైలైనా కంప్లైంట్ ఇచ్చిందా?

మా సెక్టర్ సెవెన్ సంగతే చూడండి. క్వార్టర్లన్నీ ఒకే అచ్చు. ఓసారి ఫస్టు షిఫ్టు దిగి, పరధ్యానంగా పక్క వీధి క్వార్టరులోకి వెళ్ళి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, పేపరు తెరిచాను. ఆ ఇంటి దీదీ నన్ను ఎవరి తాలూకో చుట్టం అనుకుని టీ ఇచ్చింది. బిస్కెట్లు కూడా పెట్టింది. మా ఇంట్లో ఆ టైముకి బిస్కెట్లుండవు. చూశారా, ఒకేలా ఉండటంలో ఎంత లాభమో!

మనుషుల మాటేమిటి? నాకు తెలిసిన సత్యారావులే ఐదుగురు. చరోదా సత్యారావు, కోక్ ఓవెన్ సత్యారావు, బట్టతల సత్యారావు... వాళ్ళలో ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టలేదు. మరి పాటలకెందుకు అంత పౌరుషం?

ఈ సిద్ధాంతం నాకు ఊరికే తట్టలేదు సార్! దీని వెనక ఐదేళ్ళ పరిశోధన ఉంది. నా దగ్గర ఒక నైంటీ కాసెట్ ఉంది. అందులో పన్నెండు పాటలున్నాయి. పన్నెండింటి పేరూ ‘నేరేడు పళ్ళు’!

తొంభై ఒకటిలో ఓ రోజు పొద్దున్న మా ఆవిడ లక్ష్మీకుమారి, “నేరేడు పళ్ళు అని ఒక పాటుందండీ. మళ్ళీ ఓసారి వినాలనుంది” అంది. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. చీర కాదు, నగ కాదు, పాట! నేను పొంగిపోయాను. ఎలాగైనా తెప్పించి తీరాలనుకున్నాను.

తెప్పించడం అంటే మనకి తెలిసిన పద్ధతి ఒకటే కదా, ఊరెళ్ళేవాళ్ళ చేతిలో చీటీ పెట్టడం. చరోదా సత్యారావు రైల్వేలో గూడ్సు గార్డు. పాసు మీద ఏడాదికి రెండు మూడుసార్లు వైజాగ్ వెళ్ళొస్తాడు. వెళ్ళేముందు మా సెక్టరులో తెలుగువాళ్ళ చీటీలన్నీ అతని జేబులోనే ఉంటాయి. నేనూ రాసిచ్చాను. చింతపండు రెండు కిలోలు, ఇంగువ ఒక డబ్బా, నేరేడు పళ్ళు ఒకటి.

అతను బుట్టెడు నేరేడు పళ్ళు తెచ్చాడు.

“ఒక్క పండేటి సరిపోద్దని బుట్టెడు అట్టుకొచ్చీసాను బావా!” అన్నాడు చొక్కా చూపిస్తూ. దారి పొడుగునా ఆ బుట్టని ఒళ్ళో పెట్టుకున్నాడట. చొక్కా ఊదారంగులోకి తిరిగిపోయింది. ఇక్కణ్ణుంచి కుమ్హారి దాకా రోడ్డు పక్కన జామూన్ చెట్లున్నాయన్న సంగతి, అంటే ఈ నేరేడు చెట్లేనన్న సంగతి, అతనికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. తినేశాం.

తర్వాతిసారి చీటీలో ‘పాట’ అని కూడా రాశాను. కాసెట్ వచ్చింది. ఫ్యాక్టరీ కూత లాంటి వయొలిన్లు, వాన, వానలో హీరో. హీరోయిన్ కళ్ళు నేరేడు పళ్ళలా ఉన్నాయని నాలుగు నిమిషాలు వాదించాడు. టూ-ఇన్-వన్ టేపురికార్డరు పక్కన నిలబడి విన్న మా ఆవిడ, “ఇది కాదండీ” అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను వదిలే రకమా? టైమ్ ఆఫీసు మనిషిని! పార్వతీపురం వెళ్ళేవాళ్ళకి ఒక చీటీ, అనకాపల్లి వెళ్ళేవాళ్ళకి ఇంకో చీటీ. ఊరికొక ‘నేరేడు పళ్ళు’ వచ్చింది. ఒకదాంట్లో కథానాయకుడు దగ్గుతూ పాడతాడు, పాట అయ్యేసరికి పోతాడు. ఒకదాంట్లో బాలకృష్ణుడు పళ్ళు తిని యశోదమ్మకి దొరికిపోతాడు. ఇంకొకటి డిస్కో. అందులో ‘నేరేడు పళ్ళు’, ‘హేయ్’ తప్ప మూడో మాట లేదు. మా అమ్మాయి అమ్ము లెక్కపెట్టింది, పళ్ళు నలభై ఆరుసార్లు, హేయ్ తొంభై ఒక్కసార్లు. ఏడోదో ఎనిమిదోదో ఒక ప్రకృతి వైద్యుడుగారి స్వీయ గానం. నేరేడు గింజల పొడి పరగడుపున మజ్జిగలో కలుపుకుంటే షుగరు తగ్గుతుందని మోహన రాగంలో చెప్పారు. మా సెక్షన్‌లో ముగ్గురు ఆ పాట కాపీ చేయించుకున్నారు.

ప్రతిసారీ మా ఆవిడది ఒకటే మాట. “ఇది కాదండీ.”

అయినా నేను ఏ పాటనీ పారెయ్యలేదు. సివిక్ సెంటర్‌లో రికార్డింగ్ షాపువాడి దగ్గర కూర్చుని అన్నిటినీ ఒకే కాసెట్‌లోకి ఎక్కించాను. లేబుల్ రాయడం ఎంత హాయి! పైన ‘నేరేడు పళ్ళు’ అని ఒకసారి రాసి, కింద పదకొండు డిట్టోలు పెట్టాను. ఏ పాట పెట్టమంటారని ఇంట్లో ఎవర్నీ అడగక్కర్లేదు. మా అమ్ము పుట్టింది ఇక్కడే, చదివేది తొమ్మిది, మాట్లాడేది ముప్పాతిక హిందీ. “నాన్నా, ఫిర్ వహీ గానా?” అని, మళ్ళీ అదే పాటా అని, విసుక్కుంటుంది. కానీ ‘నేరేడు పళ్ళు’ అన్న రెండు మాటలు మాత్రం ఒక్క తప్పు లేకుండా పలుకుతుంది. ఏ బళ్ళో నేర్పుతారండీ ఇంత బాగా?

అందుకే రోజూ ఆ కాసెట్ పెడుతున్నాను. నేను డ్యూటీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి భోజనాల దాకా వాయిస్తున్నాను. ఏమో, వినగా వినగా పన్నెండింట్లో ఏదో ఒకటి మా ఆవిడకి నచ్చకపోతుందా అని! ఒకే పేరు మీద పన్నెండు వెరైటీలు. ఇంతకన్నా ఏం కావాలి ఒక ఇల్లాలికి?

పాఠకులారా, ఇంతవరకు పోయిన నెల రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ, మన తెలుగు సంఘం పత్రిక ఎడిటరుగారు రెండు పేజీలకి తగ్గకూడదన్నారు. అందుకని ఉంచేశాను. ఆ తర్వాత జరిగింది కూడా రాస్తాను.

ఓ ఆదివారం పొద్దున్న చరోదా సత్యారావు, వాళ్ళావిడ చిన్నమ్మలు వచ్చారు. సత్యారావు చేతిలో పదమూడో కాసెట్. “షాపోడి తలమీద సెయ్యెట్టి ఒట్టేయించుకున్నాను బావా, ఇదే పాట!” అన్నాడు. పెట్టాను. అందరం చుట్టూ కూర్చున్నాం. ఇరవై మంది పిల్లలు బాకాలతో పాడారు.

“ఇది కాదండీ” అంది మా ఆవిడ, టీ కప్పులు తీస్తూ.

చిన్నమ్మలుకి ఒళ్ళు మండినట్టుంది. “ఇది కాదు, అది కాదు అంటావు గానీ, ఆ పాట ఎలగుంటాదొదినా? ఓపాలి పాడు, ఇందాం!” అంది.

సత్యారావు నా వంక చూశాడు, నేను టూ-ఇన్-వన్ వంక చూశాను. అయిదేళ్ళు! పదమూడు పాటలు, లెక్కలేనన్ని చీటీలు, పాడైపోయిన ఒక చొక్కా! ఎలా ఉంటుంది, ఓసారి పాడు అని ఆవిడని ఒక్కడంటే ఒక్కడైనా అడిగాడా? సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

“దాన్నెక్కడ అమ్ముతారొదినా?” అంది మా ఆవిడ కప్పులు కింద పెట్టేసి. “అది మా రజనక్క కట్టిన పాట. టెక్కలి దగ్గర మా ఊళ్ళో ఇద్దరం పక్కవాళ్ళ తోటలో పళ్ళేరుకుని తినేసి, ఇంటికొస్తూ పాడుకునేవాళ్ళం. ఈయనకి ఆ రోజే చెప్పబోయాను. చీటీ రాసీసుకుంటన్నారు, ఇంకేటి చెప్తాను?”

మా వదిన రజనీకుమారి పోయింది తొంభైలో. ఆ మరుసటి ఏడే మా ఆవిడ పాట అడిగింది. ఆ పాట తెలిసినవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఇద్దరు. అందులో మిగిలిన ఒక్కరు మా ఇంట్లోనే ఉన్నారు. నేనేమో అనకాపల్లిలో వెతికిస్తున్నాను!

“పాడమ్మా” అంది అమ్ము. ఈసారి హిందీ కలపలేదు.

మా ఆవిడ కళ్ళు మూసుకుని అందుకుంది. నేను ఆవిడ పాట వినడం అదే మొదటిసారి. గొంతు సన్నగా, కొంచెం వణుకుతూ ఉంది.

“నేరేడు పళ్ళు, నేల రాలిన పళ్ళు,
నాలిక నల్లన, నవ్వేమొ తెల్లన...
హేయ్!”

అమ్ము పకాలున నవ్వింది. మా ఆవిడా నవ్వింది, అందరం నవ్వాం. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండో పాదం దగ్గర రాగం హీరో వానలోకి వెళ్ళిపోయింది. మూడోసారి మెల్లగా, ఒక్కొక్క మాటే పట్టుకుని వెళ్ళింది. ‘అమ్మ అడిగితే చెల్లీ, నోరు తెరవకే’ దాకా వచ్చాక, ఆ పైన ప్రకృతి వైద్యుడుగారి మజ్జిగ తగిలింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

“అక్క గొంతు వినపడ్డం లేదండీ” అంది. “మొన్నమొన్నటిదాకా చెవిలో ఉండేది. వంట చేసుకుంటూ వినేదాన్ని. ఇప్పుడు అక్కని తలుచుకుంటే ఈ డిస్కోవాడు వస్తన్నాడు.”

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను లేచి టూ-ఇన్-వన్ ప్లగ్గు పీకేశాను. కాసెట్‌ని బీరువా పైన సూట్‌కేసులో పెట్టి తాళం వేశాను.

మొదటి వారం ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండి నాకు తిండి సయించలేదు. రెండో వారంలో వంటింట్లోంచి కూనిరాగం వినపడింది. ఒక మాట వచ్చేది, ఆగిపోయేది. మధ్యలో ‘హేయ్’ వచ్చినప్పుడు “నీ దుంప తెగ!” అని తిట్టేది. తిట్టి మళ్ళీ మొదటికి వెళ్ళేది. పక్కన కూరగాయలు తరుగుతూ అమ్ము కూడా అందుకునేది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ ఒకే పేజీ ముప్పావుగంట చూసేవాణ్ణి.

నిన్న సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే మా గేటు దగ్గర సత్యారావు ఎదురయ్యాడు. ఆ ఉదయమే వైజాగ్ బండి దిగాడట. మొహం వెలిగిపోతోంది. అది ఎక్కడా అమ్మరని మా ఆవిడ చెప్పినా ఊరుకోలేక తెచ్చిన ఇంకో కాసెట్ జేబులోంచి తీస్తూ ఏదో చెప్పబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకుని ఆపాను. వంటింటి కిటికీ తెరిచి ఉంది.

“నేరేడు పళ్ళు, నేల రాలిన పళ్ళు,
నాలిక నల్లన, నవ్వేమొ తెల్లన,
అమ్మ అడిగితే చెల్లీ, నోరు తెరవకే...”

అక్కడ ఆగింది. లోపల పోపు చిటపటలాడింది. చాలాసేపటికి, మెల్లగా,

“నువ్వు నవ్వితివా, నేనూ దొరికిపోతానే!”

“వచ్చీసిందే అమ్మూ, వచ్చీసింది! అక్క ఇలాగే అనీది!” అని మా ఆవిడ లోపల గట్టిగా నవ్వుతోంది. పదహారేళ్ళ కాపురంలో అంత పెద్ద నవ్వు నేను వినలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

“మొత్తం పాట ఇదేనేటి బావా?” అన్నాడు సత్యారావు గుసగుసగా.

“ఇదే.”

“అయ్యబాబోయ్! అయితే బేగెళ్ళి టేపురికార్డరు అట్టుకురా, రికార్డు సేసీద్దాం!”

“నోరు మూసుకుని ముందు వినరా!” అన్నాను.