సెక్రటరీ గారు రాని గురువారం

గురువారం తెల్లవారకముందే సూర్యకళ పెసలు రుబ్బడానికి కూర్చుంది. ఆమె వేసుకున్న ప్లాను మహా తేలికైనది. ఆరింటికి నగరపాలక సంస్థ అధికారి ఇంటికి వస్తాడు. ఆయనకి ఉప్మా పెసరట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, ఆరున్నరకల్లా రిక్షా ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అక్కడ తాను గరిటె పట్టి జావ పోస్తుంటే ఆయన కళ్ళారా చూసి, ఆనందించి, గ్రాంటు రాసేసి వెళ్ళిపోవాలి.

రాజమండ్రిలో వాళ్ళ సంఘానికి పెద్ద పేరే ఉంది గానీ అందరూ జావ సంఘమనే అంటారు. పదకొండేళ్ళ కిందట సూర్యకళ తల్లి ఆ ఆసుపత్రిలో మూడు వారాలు ఉంది. వరండాలో పడుకుని లేచిన సూర్యకళకి పొద్దున్నే గొంతులో వేడివేడిగా ఏదైనా పడితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయేది. తల్లి కోలుకుని ఇంటికి వచ్చింది గానీ ఆ వరండా సూర్యకళని వదల్లేదు. అప్పటినుంచి రోగుల వెంట వచ్చినవాళ్ళకి ఆదివారం తప్ప రోజూ ఉదయం ఏడింటికి నూకల జావ పోస్తోంది. సెక్రటరీ సూర్యకళ కాక సంఘంలో తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందీ ఆమె చెప్పిన పని చేస్తారు, చెప్పకపోతే చెప్పేదాకా నిలబడతారు.

కిందటి శ్రావణంలో ఆమెకి జ్వరం వచ్చి తొమ్మిది రోజులు మంచం పట్టింది. తొమ్మిది రోజులూ పొయ్యి వెలగలేదు. పదో రోజు వెళితే రంపచోడవరం వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఖాళీ గ్లాసు పట్టుకుని గేటు దగ్గరే ఉన్నాడు. "రేపైనా ఉంటదా తల్లీ?" అని అడిగాడు. ఆ మాటకి సూర్యకళ రాత్రంతా నిద్రపోలేదు. తన తర్వాత ఈ జావ ఏమైపోతుంది?

అందుకే గ్రాంటుకి దరఖాస్తు పెట్టింది. ఊళ్ళోని చిన్న చిన్న సేవా సంఘాలు తమ కాళ్ళమీద తాము నిలబడేలా చేయడానికి, పుష్కరాల ముందు ఏడాది నగరపాలక సంస్థ పెట్టిన పథకం అది. వస్తే సామానుకి ఒక గది, వంటకి జీతం మీద ఒక మనిషి, సభ్యులకి శిక్షణ. షరతు ఒక్కటే: ఒకే మనిషి మీద నడిచే సంఘాలకి ఇవ్వరు. ఆ వాక్యాన్ని సూర్యకళ నాలుగుసార్లు చదివింది. పాపం ఎవరి సంఘమో అలా ఉన్నట్టుందని నాలుగుసార్లూ జాలిపడింది.

ఐదింటికి అప్పాయమ్మ నూకల కోసం వచ్చింది. అంట్లు తోమడం, నీళ్ళు మోయడం ఆవిడ వంతు.

"నువ్వు పద అప్పాయమ్మా. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టు. నూకలు మాత్రం నేనొచ్చాకే పొయ్యాలి. ఏం?"

"అలాగేనమ్మగారూ."

ఆరింటికి పావుగంట ముందే తలుపు చప్పుడైంది. టక్కు చేసుకున్న మనిషి, చంకలో ఫైలు. "సూర్యకళ గారి ఇల్లు ఇదేనాండీ?"

"ఇదేనండి. రండి రండి. మీకోసమే చూస్తున్నాం."

ఆయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. తన వెనక ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక చెప్పులు విప్పాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఇంటికి వచ్చిన మనిషికి కడుపునిండా పెట్టకముందే ఏం పనిమీద వచ్చారని అడగడం గోదావరి జిల్లాల్లో చాలా తప్పు. పని చూసుకుని వెళ్ళిపొమ్మని మొహంమీద చెప్పినట్టే అవుతుంది. కాబట్టి సూర్యకళ అడగలేదు. చెప్పబోయినా ఆయన్ని చెప్పనివ్వలేదు.

"అమ్మా, నేను వచ్చిన విషయమేమిటంటేనండీ..."

"విషయం ఎక్కడికీ పోదండి. ముందు కాళ్ళు కడుక్కోండి."

ఈలోగా ఎదురింటి నుంచి సంఘం ప్రెసిడెంటు దుర్గాప్రసాదరాజు గారు ఇస్త్రీ పంచెతో దిగారు. జావకి నూకలు ఆయన పొలంలోవే. ఆయనది భీమవరం వైపు, మర్యాదలో ఆ వైపు వాళ్ళ చెయ్యి పెద్దది. అతిథి మూడో అట్టు దగ్గర చెయ్యి అడ్డం పెడితే రాజు గారు నొచ్చుకున్నారు. "అదేంటండీ, మా ఇంటి పూతరేకులు ఇంకా రానేలేదు!"

ఏడు కొట్టింది. సూర్యకళ గుండె కూడా కొట్టుకుంది. పదకొండేళ్ళలో ఆదివారాలు, జ్వరం వచ్చిన రోజులు తప్ప ఆ సమయానికి ఆమె ఇంట్లో లేదు. రాజు గారిని వంటింటి వైపు పిలిచి గుసగుసగా అంది:

"నేను ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళొస్తానండి."

"గెస్టుని వదిలేసా? బాగోదండి. ఆయన తినడం కానివ్వండి, ముగ్గురం కలిసే వెళ్దాం."

ఆయన తినడం కానివ్వడం రాజు గారి చేతిలోనే ఉంది, అదే చిక్కు. పూతరేకులయ్యాక అతిథిని తమ ఇంటికి నడిపించుకుపోయారు. అక్కడ ఆయన భార్య బంగారమ్మ గారు పొద్దున్నే కోడిని కోయించి ఉంచారు. ఆరిపోయిన పొయ్యి, నూకలు పడని ఎసరు, గేటు దగ్గర ఖాళీ గ్లాసులు సూర్యకళ కళ్ళముందు తిరుగుతున్నాయి. ఎదురుగా అతిథి రొయ్యల ఇగురుతో పోరాడుతున్నాడు. ఏది వడ్డించినా "ఆయ్, చాలండీ" అనడం తప్ప ఆయన నోటినుంచి మరోమాట రాలేదు. నోటికి ఖాళీ ఉంటే కదా.

పన్నెండు గంటలకి కిళ్ళీ కూడా అయ్యాక రాజు గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఇప్పుడు చెప్పండి సార్. మా సంఘం గురించి మీ అభిప్రాయం?"

"ఏ సంఘమండీ?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అతిథి లేచి నిలబడి చేతులు జోడించాడు. "నా పేరు గణేష్‌బాబండి. ఇన్సూరెన్సు ఏజెంటునండి. గేటు మీద పేరు చదివి తలుపు కొట్టానండి. ఏడేళ్ళలో గుమ్మం లోపలికి రమ్మన్న ఇల్లు మీదేనండి. మొదట్లోనే చెబుదామనుకున్నాను. నోట్లో అట్టు పెట్టుకుని ఎలా చెప్పనండీ?" ఆయన కళ్ళు చెమర్చాయి. మాగాయ కారం వల్ల కాదు.

రాజు గారు గొంతు సవరించుకున్నారు. "సరే, భోజనమైతే అయింది కదా," అన్నారు.

సూర్యకళకి ఏడుపొచ్చింది. గ్రాంటు పోయింది, జావా పోయింది. వీధిలోకి వచ్చేసరికి సంఘం సభ్యురాలు నాగదుర్గ రిక్షా దిగుతోంది. ఆమె పక్కన పాతికేళ్ళ అమ్మాయి ఒకతె కాటన్ చీర, భుజాన సంచీతో ఉంది.

"సూర్యకళ గారంటే మీరేనా అండి? నా పేరు మంజుష. పరిశీలనకి వచ్చింది నేనే. పొద్దున్న ఆరింటినుంచీ ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. కబురు చేసినట్టు మీ ఇంటికే వస్తే పని కనబడదండి, టిఫిన్లే కనబడతాయి."

రాజు గారు పంచె సర్దుకున్నారు.

"జావ..." అంది సూర్యకళ.

"ఏడింటికి ఐదు నిమిషాల ముందే పోశారండి. అప్పాయమ్మ గారు ఆరున్నరదాకా మీకోసం చూశారు. 'అమ్మగారు తిట్టినా సరే' అని నూకలు పోసేశారు. నాగదుర్గ గారు లైను చూసుకున్నారు. ఎవరో మాగాయ కూడా తెచ్చారు. మీరు ఎప్పుడూ ఒప్పుకోరటగా?"

"అంటే నేను లేకపోయినా..."

"అస్సలు లోటు తెలియలేదండి," అంది మంజుష సంతోషంగా. "మీ సంఘం చాలా గట్టిగా ఉంది. గ్రాంటుకి రాస్తున్నాను."

సూర్యకళ కోరుకున్నది అక్షరాలా ఇదే. తాను లేని రోజున కూడా ఆ గ్లాసులు నిండాలని దేవుడికి మొక్కుకుంది. సంతోషించింది కూడా, నిజంగానే. కానీ కళ్ళలో నీళ్ళు ఆ సంతోషానివి మాత్రమే కావు. పదకొండేళ్ళు మోసిన బరువు ఎవరో అడక్కుండా అందుకుంటే భుజం తేలికవడానికి ముందు వెలితిగా ఉంటుంది. ఐదు నిమిషాల ముందే పోశారన్న మాట ఆమెకి ఇంకొంచెం ఎక్కువే గుచ్చుకుంది.

"ఒక షరతు ఉందండి," అని మంజుష కాగితం తీసింది. "వారానికి ఒకరోజు మీరు సెలవు తీసుకోవాలి. గరిటె ముట్టుకోకూడదు. ఏ రోజు రాయమంటారు?"

"ఆదివారం రాయమ్మా."

"ఆదివారం మీ సంఘం జావే పొయ్యదుగా అండి. నాగదుర్గ గారు చెప్పారు."

నాగదుర్గ ఆకాశంలోకి చూసింది. మంజుష గురువారమని రాసుకుంది.

మరుసటి గురువారం సూర్యకళ ఆరున్నరదాకా ఓపిక పట్టింది. ఇంట్లో తుడవాల్సినవి రెండోసారి కూడా తుడిచేసి, ఇక ఉండలేక బయల్దేరింది. గరిటె ముట్టుకోకూడదన్నారు గానీ లైనులో నిలబడకూడదని ఎవరూ అనలేదు. ఆమె వంతు వచ్చింది. అప్పాయమ్మ తలెత్తి చూసింది. ఒక్క క్షణం గరిటె ఆగింది.

"జరగండమ్మా, వెనకాల జనం ఉన్నారు," అంది జావ పోసి.

సూర్యకళ జరిగింది. వరండా మెట్టుమీద కూర్చుని, పదకొండేళ్ళలో మొదటిసారి ఆ జావ తాగింది. మాగాయ ముక్కతో చాలా బాగుంది. ఆ సంగతి ఆమె ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.