పొయ్యి లేని భోజనశాల

ఒక పెద్ద అడవిలో కోకిలను ఆర్కిటెక్టుగా పెట్టుకున్నారు. ఆవిడ జన్మలో గూడు కట్టి ఎరగదు, గుడ్లు కూడా కాకిగూట్లో పెట్టి వస్తుంది. అయితేనేం, గొంతు బాగుంటుంది. ఆ అడవిలో ప్లాను చూసి ఒప్పుకునేవాళ్లు లేరు, విని ఒప్పుకునేవాళ్లే.

అలా విని కట్టించుకున్నవి చాలానే ఉన్నాయి. నక్కల నాట్యశాలలో ఎక్కడ కూర్చున్నా ఎదురుగా స్తంభమే. కుందేళ్ల టిఫిను సెంటరులో కుర్చీ ఎక్కడానికి నిచ్చెన కావాలి. రెంటికీ అవార్డులొచ్చాయి.

ఆ అడవిలోనే వాగు పక్కన ఎలుగుబంటి భల్లమ్మ భోజనాల పాక నడిపేది. వెదురుబియ్యం అన్నం, చింతచిగురు పప్పు. సగం అడవి ఆమె చేతి ముద్ద తిని పెరిగినదే. ఆమెకు ఆ పాక తప్ప వేరే బతుకు లేదు.

ఒకరోజు అడవి సభాధ్యక్షుడు ఏనుగు వచ్చాడు.

"భల్లమ్మా, పక్క అడవి నుంచి అవార్డు కమిటీ వస్తోంది. ఈ పాక చూస్తే మన పరువేం కావాలి? కోకిలమ్మగారితో కొత్త భోజనశాల కట్టిస్తున్నాం. నువ్వే నడుపుదువుగాని."

నమ్మింది పిచ్చిది. పాక పీకేశారు.

కోకిల సభలో ప్లాను పరిచి గొంతు సవరించుకుంది. "ఇది కప్పు అనుకుంటున్నారు మీరు. ఆకాశానికి మనం పంపే ఆహ్వానం ఇది!" సభ్యులంతా పరవశించి కళ్లు మూసుకున్నారు. ప్లాను ఒక్కరూ చూడలేదు.

భల్లమ్మ మాత్రం వంగి వెతికింది. "అంతా బాగుంది గానీ తల్లీ, పొయ్యి ఏదీ?"

"పొగకు కప్పు నల్లబడుతుందండీ. ఇక్కడికొచ్చేది తినడానికి కాదు, అనుభూతి కోసం."

"ఆ అనుభూతిలోకి నంజుకోవడానికేం పెట్టమంటావు?"

"ఊరుకోవమ్మా, తెలిసినవాళ్లు చెబుతుంటే!" అని కసిరాడు ఏనుగు.

కాకి మేస్త్రి తల కొట్టుకున్నాడు. "ఈవిడ గుడ్లూ నేనే పొదిగా, ఈవిడ ప్లానులూ నేనే మోశా. నా మాట ఎవరు వింటారమ్మా?"

భోజనశాల లేచింది. మొదటివారం అందరూ వచ్చి నున్నటి గోడల్లో తమ మొహాలు చూసుకుని మురిశారు. రెండోవారం ఆకలేసింది. భల్లమ్మ భవనం వెనకాల మూడు రాళ్లు పెట్టి అన్నం వండింది. అందరూ అక్కడే బారులు తీరారు.

కమిటీ వచ్చింది. ముగ్గురు కొంగలు. పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఆ చల్లటి హాల్లో కూర్చుని నీరసించి, వాసన పట్టుకుని భవనం వెనకాలకు వెళ్లి మూడేసిసార్లు వడ్డించుకున్నారు. మూతులు తుడుచుకుని వచ్చి ప్రకటించారు.

"ఇంతటి ఆకలి పుట్టించిన భోజనశాలను మేమెక్కడా చూడలేదు. ఉత్తమ పురస్కారం కోకిలమ్మగారికే!"

చప్పట్లు మారుమోగాయి. ఏనుగు ఉత్సాహం పట్టలేక అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. "అవార్డు భవనం వెనక పొగేమిటి, అసహ్యంగా! ఆ పొయ్యి ఆర్పండి!"

భల్లమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "నా అన్నం తిని పెరిగి నా పొయ్యే ఆర్పుతారటయ్యా! సిగ్గులేదూ?" అని గుండిగ నెత్తికెత్తుకుంది.

కొంగలు పరుగున వచ్చారు. "మా అడవికి రండమ్మా. మాకింకా ఆర్కిటెక్టులు లేరు."

ఆమె వెళ్లిపోయింది. కాకి మేస్త్రి కూడా వెనకే ఎగిరిపోయాడు. అవార్డు బిళ్ల కింద కూర్చుని ఏనుగు పచ్చిగడ్డి నములుతున్నాడు. అతిథులకూ అదే పెడుతున్నాడు.

నీతి: హోటలుకు అవార్డు రావాలంటే ముందుగా తీసెయ్యాల్సింది పొయ్యి.