రెండు కళ్ల కెమెరా, ఊదారంగు గట్టు

కాలువ గట్టు మీది ఊదారంగు చెట్లు ఏడాదికి పది రోజులే పూస్తాయి. ఆ పది రోజులూ అద్దాలాయనా, ఆయన భార్యా చెరో సైకిలెక్కి పొద్దున్నే గట్టు మీదికి వెళ్లేవారు. పెళ్లైనప్పటి నుంచీ ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఈ ఏడు మాత్రం మొదటి పువ్వు విచ్చుకునే వేళకే ఆవిడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా కట్టు వేశారు. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని, అక్కణ్ణుంచి కనబడని గట్టు వైపు చూస్తూ ఉండేది.

"ఈసారి నన్నొదిలేసి పూసేశాయండీ" అంది మంగళవారం పొద్దున.

అద్దాలాయన మంచం దగ్గరికొచ్చాడు. "పూస్తే పూయనీవోయ్. గట్టంతా తెచ్చి నీ ఒళ్లో పెడతాను, చూడు" అనేశాడు. ఎలా తెస్తాడో అన్నాకే ఆలోచించాడు. సైకిల్‌కి బిగించుకునే కెమెరాలుంటాయని పనిలో ఎవరో అనగా విన్నాడు. ఒకటి కొనేస్తే సరి.

ఆయన పని కళ్లద్దాల దుకాణంలో గాజు అరగదీయడం. ముప్పై ఏళ్లుగా సగం ఊరు లోకాన్ని చూసేది ఆయన అరగదీసిన గాజులోంచే. తన ముక్కు మీది జోడు కూడా తనే చేసుకున్నాడు, అప్పడాలంత గుండ్రటివి. అందుకే గాజు విషయంలో ఆయనకు ఇంకొకరు చెప్పడమంటే మహా చిరాకు.

కెమెరాల కొట్టులో అమ్మాయి మొదట ఖరీదైనదే తీసింది.

"ఇది ముప్పై మీటర్ల లోతు నీళ్లలో కూడా పనిచేస్తుందండీ."

"నేను కాలువ పక్కన తొక్కుతానమ్మా, కాలువలో కాదు."

"పోనీ ఇది చూడండి. ఎంత స్పీడులో వెళ్లినా బొమ్మ అదరదు."

"నా స్పీడుకి బాతులు నన్ను దాటిపోతాయి. ఇంకా చవకది లేదా తల్లీ?"

ఉంది. అట్టడుగు అరలో, అగ్గిపెట్టెంత. తీసింది చూసుకోవడానికి తెర లేదు కాబట్టే చవక. బ్యాటరీ నలభై నిమిషాలు వస్తుంది, ఆయన దారి ముప్పై అయిదు నిమిషాలు. దానికి ముందొక కన్ను, వెనకొక కన్ను.

"రెండు కళ్లున్నా ఒకసారికి ఒక్కటే తీస్తుందండీ. ఏది తీయాలో ఈ బటన్..."

"గాజు సంగతి నాకు చెప్తావా!" అని నవ్వేసి, డబ్బు కట్టి వచ్చేశాడు.

బుధవారం పొద్దున దాన్ని హ్యాండిల్‌కి బిగించి, ముందు కన్నును మెత్తని గుడ్డతో తళతళలాడేలా తుడిచాడు. "అంతా తీశాక ఆదివారం ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు.

"మీరు ముందే చూసేయకూడదు మరి."

"ఒట్టు."

గట్టు మీద పొగమంచు ఇంకా విడలేదు. నీళ్లలోనూ ఊదారంగే, గాల్లోనూ ఊదారంగే. చక్రం కింద పూలు మెత్తగా నలుగుతుంటే, తను సైకిల్ మీద ఉన్నాడో, ఎవరి కలలోనైనా ఉన్నాడో ఆయనకే తెలియలేదు. మలుపు దగ్గర బేకరీలో మాత్రం కాస్త మెలకువ వచ్చింది. డాక్టర్ చక్కెర మానమన్న రోజు నుంచీ క్రీమ్ బన్ను మానేశానని ఆయన ఇంట్లో చెప్పుకున్నాడు. చెప్పుకున్నాడు, అంతే. కెమెరా ముందుకు చూస్తోంది కదా, ఇంకేం భయం అనుకుంటూ ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో బన్నూ పట్టుకుని, అరమోడ్పు కళ్లతో సాగిపోయాడు.

లాకుల దగ్గరికి వచ్చేసరికి ఆనందం పట్టలేక, భార్య పక్కనే ఉన్నట్టు కెమెరాతో గట్టిగా చెప్పాడు. "ఎవరూ ఊడ్వలేదు చూడు! ఎంత మందాన పరుచుకుందో చూడు! గేటు అవతల కూడా ఇలాగే ఉంది!"

గేటు కాపలాదారు గుండెల్లో రాయి పడింది. వెంటనే పారిశుద్ధ్యం మేస్త్రికి ఫోన్ కొట్టాడు. "పైనుంచి ఎవరో ఆఫీసర్ వచ్చాడన్నా. చెత్త ఎత్తలేదని, ఎక్కడెక్కడుందో చెప్పి మరీ రికార్డు చేసుకుపోతున్నాడు."

గురువారం గట్టు అద్దంలా ఉంది. ఒక్క రేకు లేదు. చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చిన మేస్త్రి అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టాడు. ఎవరో మర్యాదస్తుడు అనుకుని ఆయన తల ఊపాడు. తర్వాత బోసిపోయిన దారి చూసి ఉసూరుమన్నాడు. భార్యకు ధైర్యం చెప్పాలి కదా. "ఇవాళ్టికి ఇంతే. పైన కొమ్మల నిండా ఇంకా ఉంది, రేపటికల్లా కింద పడుతుంది" అన్నాడు కెమెరాతో.

మేస్త్రి నుదురు తుడుచుకున్నాడు.

శుక్రవారం గాలి లేకుండానే పూలవాన కురిసింది. ఆహా అనుకుంటూ ఆయన తల ఎత్తి ఆ వానలోకి తొక్కాడు. నాలుగు గజాలు వెళ్లాక కనబడ్డారు, పొడుగాటి గెడలతో కొమ్మలు దులుపుతున్న మనుషులు, వాళ్ల వెనక మేస్త్రి. రాలినవి రాలినట్టే గోతాల్లోకి పోతున్నాయి. ఆయన కెమెరా వైపు వంగాడు. "ఎంత దులిపినా కొమ్మలున్నంతకాలం రాలుతూనే ఉంటాయిలే. నువ్వు బెంగపెట్టుకోకు" అన్నాడు.

శనివారం నిచ్చెనలూ రంపాలూ వచ్చాయి.

మొదటి చెట్టు మీద రంపం ఆనిందో లేదో, ఆయన సైకిల్ ఉన్నచోటే పడేసి పరుగెత్తి మాను కావలించుకున్నాడు. "ఆపండి! ఇవి మా ఆవిడ చెట్లు!"

మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది. "ఇదేం న్యాయం సార్! కొమ్మలున్నంతకాలం రాలతాయన్నది మీరే కదా!"

"అది మీతో కాదయ్యా, మా ఆవిడతో!"

మేస్త్రి అటూ ఇటూ చూశాడు. "మేడమ్ ఎక్కడున్నారు సార్?"

"ఇంట్లో. కాలు విరిగింది."

"అవన్నీ కాదు. మా మీద ఏం రికార్డు చేశారో చూపించండి. అప్పుడు గానీ రంపం దించను."

వేసిన ఒట్టు గుర్తొచ్చింది. కానీ చెట్టు నిలిస్తే ఒట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. కెమెరాలోంచి కార్డు తీసి తన ఫోన్‌లో పెట్టాడు. రంపాలవాళ్లతో సహా అందరూ వంగి చూశారు. ఫోన్ నిండా అద్దాలాయన మొహం. మాట్లాడుతోంది, నవ్వుతోంది, బన్ను తింటోంది. నాలుగు పొద్దులూ అదే మొహం.

"ఇందులో చెత్త ఎక్కడుంది సార్?" అన్నాడు మేస్త్రి.

"చెత్త మాట అటుంచన్నా, అసలు రోడ్డే లేదు" అన్నాడు కాపలాదారు.

తన మీద ఏ రికార్డూ లేదని తేలేసరికి మేస్త్రికి పోయిన ప్రాణం లేచొచ్చింది. రంపాలు దింపించి, నిచ్చెనలు మోయించుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. చెట్లు దక్కాయి. అద్దాలాయన మాత్రం సైకిల్ నడిపించుకుంటూ ఇల్లు చేరాడు. ఒళ్లో పెడతానన్న గట్టు పోయింది, ఒట్టూ పోయింది.

"నీకు చూపించడానికేం లేదోయ్. వెనక కన్ను తెరిచి ఉందట. నా మొహమే పడింది" అని ఫోన్ ఆవిడ ఒళ్లో పెట్టి తల వంచుకున్నాడు.

ఆవిడ చూడసాగింది. ఫోన్ కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది.

"ఏమండీ, ఇటు రండి. మీ కళ్లద్దాల్లో చూడండి."

ఆయన వంగి చూశాడు. ఆ అప్పడాలంత గుండ్రటి అద్దాల్లో ఒక్కోదాంట్లో ఒక్కో గట్టు. చిట్టి చిట్టి ఊదారంగు చెట్లు రెండు వరసలుగా ఎదురొస్తున్నాయి, కింద పూలదారి మెల్లగా మెలికలు తిరుగుతోంది.

"ఒకటి తెస్తానని రెండు తెచ్చారు" అంది ఆవిడ. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. "నాతో ఇన్ని కబుర్లు చెప్పారా దారంతా!"

"మరి గాజు సంగతి నాకు తెలియదనుకున్నావా?" అని ఆయన జోడు సర్దుకున్నాడు. ఆ బొమ్మ మళ్లీ మొదట్నుంచి పెట్టుకుని, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని చూస్తూ కూర్చున్నారు. సైకిల్ మలుపు తిరిగింది.

"అవునూ, ఇక్కడ కళ్లెందుకు అలా అరమూశారు?" అని ఆవిడ ఇంకాస్త దగ్గరగా చూసింది. "ఆ చేతిలో ఏంటది?"

ఆదివారం పొద్దున ఆయన ఆ బటన్ వెతికి పట్టుకుని ముందు కన్ను తెరిచాడు. ఆవిడ మంచం మీంచి కేకేసి, మళ్లీ వెనక కన్నే తెరిపించింది.