దగ్గు మీట

తీరవాణి రేడియో కేంద్రంలో సీనియర్ అనౌన్సర్ హైమవతి గొంతు సోమవారం ఉదయం రాజీనామా ఇచ్చి, మధ్యాహ్నానికల్లా నభోనాదం ఉపగ్రహ రేడియోలో చేరిపోయింది. హైమవతి మాత్రం తీరవాణిలోనే ఉండిపోయింది. ఎవరూ ఆశ్చర్యపడలేదు. వార్తలు చదివే ఆయన గొంతు అప్పటికే పైన కుదురుకుంది. నాటకాల విభాగంలో ఒక నవ్వు వెళ్లడానికి సిద్ధంగా ఉంది. నభోనాదం వాళ్లకు గొంతులు చాలు, మనుషులు బరువు. తీరవాణి నిబంధనల ప్రకారం పింఛను మనిషికే గాని గొంతుకు కాదు. కాబట్టి పేచీ రాలేదు.

డైరెక్టర్ త్రినాథరావు పోటీకి జంకే మనిషి కాదు. ‘అసలు మనిషి మా దగ్గరే’ అని బస్టాపుల్లో బోర్డులు పెట్టించాడు. హైమవతి రోజూ డ్యూటీకి వచ్చి, మైకు ముందు కూర్చుని కాగితాలు తిప్పేది. ఆ చప్పుడు ఎంతో స్పష్టంగా వినిపిస్తోందని పాత శ్రోతలు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

గొంతును తీసుకున్నప్పటి ఒప్పందంలో ఒక్కటే మినహాయింపు. ఇదివరకు ప్రసారమైనదంతా నభోనాదానిది. ప్రసారం కానిది ఆమెది. స్టూడియో బల్ల అంచున దగ్గు మీట ఉంటుంది. చదువుతుండగా దగ్గు వస్తే దాన్ని నొక్కి పట్టుకోవాలి. నొక్కినంతసేపూ మైకు మూగబోతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో హైమవతి ఆ మీట నొక్కి దగ్గింది, నిట్టూర్చింది, తలుపు సందులోంచి ఏదో అడిగినవాళ్లకు “ఊఁ” అంది. ఆమెకు మిగిలినవి అవే.

వాటితో ఇల్లెలా నడుస్తుందోనని బెంగపెట్టుకుంది. నడిచింది. భర్త సన్యాసిరావు కాఫీ అన్నాడు, ఊఁ అంది. ఇస్త్రీ బట్టలొచ్చాయా అన్నాడు, ఊఁ అంది. అత్తగారు అప్పలనరసమ్మ తన చిన్ననాటి సంగతులన్నీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. వాటికి ఊఁ తప్ప మరో జవాబు ఏనాడూ అవసరం పడలేదు. గొంతు పోయిన సంగతి వాళ్లకు బస్టాపులో బోర్డు చూశాకే తెలిసింది.

“నాకేటీ తేడా తెలవనేదు. ఎప్పుడూ ఇంతే కదా” అంది అప్పలనరసమ్మ.

సన్యాసిరావు ఆ రోజే చందా కట్టి నభోనాదం పెట్టె తెచ్చాడు. తీరవాణి అయితే వాన పడితే గరగరలాడేది. ఇది అంతరిక్షం నుంచి నేరుగా చెవిలో పడుతోంది. భార్య మాట్లాడుతున్నంతసేపూ అతను ఫ్యాను తగ్గించి, కంచం చప్పుడు కాకుండా తిన్నాడు.

ఒకనాడు ఆరోగ్య కార్యక్రమంలో గొంతు మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. కింది కుళాయి నుంచి మేడ మీదికి నీళ్లు మోసే ఆడవాళ్లకు మోకాళ్లు అరిగిపోతాయనీ, ముందు కుడి మోకాలు పట్టేస్తుందనీ అంది. ఇవే మాటలు హైమవతి ఏటా వానాకాలంలో ఇదే భోజనాలబల్ల పక్కన నిలబడి చెప్పేది. సన్యాసిరావు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

“విన్నావేటి? ఆడోళ్లు నీళ్లు మొయ్యకూడదట. ఎంత బాగా చెప్పిందో చూడు. రేపట్నుంచి నేను తెస్తాన్లే.”

తెచ్చాడు కూడా. ఆ తర్వాత ఇంటి ఇల్లాలికి ఆదివారం సెలవుండాలని గొంతు చెప్పింది. అప్పలనరసమ్మ మారు మాట్లాడకుండా లేచి ఉప్మా కలిపింది. హైమవతికి గొంతు మీద కృతజ్ఞత పొంగుకొచ్చింది. పక్కనే నిలబడి చెప్పాల్సినవి చెప్పడానికి పాపం అంత పైకి వెళ్లాల్సి వచ్చిందే అని జాలి కూడా పడింది.

త్రినాథరావు ఈలోగా పై అధికారుల చుట్టూ తిరిగి ఒక ఉత్తర్వు సంపాదించాడు. మనిషి కోరితే గొంతు దిగి రావలసిందే. ఆ కోరిక మాత్రం మైకు ముందు నమోదు కావాలి. నభోనాదం ప్రతినిధి వచ్చి గాజు కిటికీకి అవతల కూర్చున్నాడు.

“అమ్మా హైమవతీ, అదొచ్చేస్తే నీ నోటితో నువ్వే మాటాడుకుంటావు. ఒక్క ఊఁ చాలు తల్లీ” అన్నాడు త్రినాథరావు. ఆ మాటలో ఆప్యాయత నిజమైనదే.

హైమవతికి ప్రాణం లేచి వచ్చినట్టయింది. కూనిరాగం తీసి ఎన్నాళ్లయిందో. తన పేరు తాను పలికి ఎన్నాళ్లయిందో. ఊఁ పెదాలదాకా వచ్చింది. అప్పుడే ఆమెకు కళ్లముందు మేడమెట్లు కనిపించాయి, నీళ్ల బిందె కనిపించింది. గొంతు దిగొచ్చి మళ్లీ భోజనాలబల్ల పక్కన నిలబడినట్టు కనిపించింది. నెత్తిమీద ఫ్యాను జోరుగా తిరుగుతోంది. అలవాటైన వేలు బల్ల అంచున మీటను వెతుక్కుని నొక్కింది. తర్వాతే ఊఁ అంది.

రికార్డులో ఏమీ పడలేదు. గొంతు పైనే ఉండటానికి మనిషికి అభ్యంతరం లేదని రాసుకుని అందరూ కాఫీ తాగారు. ప్రతినిధి నమస్కారం పెట్టాడు. త్రినాథరావు కూడా నిష్ఠూరమాడలేదు. చప్పుడు బాగా వస్తుందని మర్నాటి నుంచి ఆమెకు మందపాటి కాగితాలు ఇప్పించాడు.

ఆ రాత్రి భోజనాలవేళ గొంతు శ్రోతలకు కృతజ్ఞతలు చెబుతూ, “మా మాట శ్రద్ధగా వింటున్న విశాఖపట్నం సన్యాసిరావుగారికి ప్రత్యేకంగా” అంది. సన్యాసిరావు చెవులు ఎర్రబడ్డాయి. పక్కనే వడ్డిస్తున్న హైమవతికి సంతోషం ఆగలేదు. నవ్వు ఆమె వాటాలో లేదు కాబట్టి అది దగ్గుగా బయటికొచ్చింది.

సన్యాసిరావు పెట్టె మీదినుంచి చూపు తిప్పకుండానే చెయ్యెత్తి వారించాడు.

“ఉష్! కాసేపు దగ్గకు. మా ఆవిడ మాటాడుతోంది.”

హైమవతి భోజనాలబల్ల అంచును వేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. కార్యక్రమం అయిపోయేదాకా తియ్యలేదు.