నొప్పి ఎవరిదో సారీ వాళ్ళది

"'సారీ' అనే మాట అర్థం, పుట్టుక తేలేదాకా ఈ ప్రభుత్వం ఆ మాట అనదు" అని రోడ్ల మంత్రిగారు ప్రకటించారు. అంతటి దూరదృష్టికి విలేకరులు సైతం ఒక్క క్షణం రాయడం మానేశారు.

సంగతి చిన్నదే. తన షాపు ముందే రోడ్ల శాఖ తవ్వి వదిలేసిన గోతిలో పడి ఒక టైలరమ్మ కాలు విరిగింది. మూడు నెలలుగా మిషను తొక్కలేకపోతోంది. పరిహారం వద్దంది, ఉద్యోగం వద్దంది. మంత్రిగారు స్వయంగా వచ్చి సారీ చెబితే చాలంది.

వెంటనే ఏకసభ్య కమిటీ పడింది. ఆ సభ్యుడు రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. పదేళ్ళుగా కూరగాయల సంచీ ఎక్కడని తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు కారొచ్చింది, మెడలో కార్డు పడింది. ఆ కార్డు స్నానానికి కూడా తీయడం లేదు.

"ముప్పై ఏళ్ళ కాపురంలో మీ నోట ఆ మాట విన్న పాపాన పోలేదు. వెతికి వెతికి మిమ్మల్నే పట్టుకున్నారా?" అంది భార్య.

"తటస్థుడు కావాలట" అన్నారు మాస్టారు.

నెల రోజులు నిఘంటువులు తిరగేశారు. 'సారీ' పుట్టింది 'సారో', అంటే దుఃఖం, నుంచి కాదట. 'సోర్' నుంచి, అంటే నొప్పి, పుండు. మొదట్లో దానర్థం నొప్పితో ఉన్నవాడనే. ముప్పై ఏళ్ళు క్లాసులో తప్పు చెప్పానే అని నొచ్చుకున్నారు గానీ, ఎవరూ వినలేదు కదా అని కుదుటపడ్డారు.

రిపోర్టు చూసి మంత్రిగారు లేచి కౌగిలించుకున్నారు.

"అంటే నొప్పి ఎవరిదో సారీ వాళ్ళది. నాకు నొప్పుందా?"

"లేదండీ."

"ఆవిడకి?"

"ఉందండీ."

"మరి ఎవరు చెప్పాలి?"

మాస్టారి చెయ్యి మెడలోని కార్డు మీదికి పోయింది. "తర్కం అటే వెళ్తోందండీ" అన్నారు.

క్షమాపణ పత్రం మీద టైలరమ్మ సంతకానికి ఆయన్నే పంపారు. ఆమె షాపు మెట్టు మీద, చంకలో కర్రతో నిలబడి కాగితం ఆసాంతం చదివింది.

"ఇది మీరు రాసిందేనా సార్?"

"మూలార్థం నాదమ్మా. అన్వయం మంత్రిగారిది."

"అయితే ఎవరికి నొప్పుంటే వాళ్ళే చెప్పుకోవాలన్నమాట!"

"భాషాశాస్త్రం ప్రకారం అంతే" అని, ఆమె మొహంలోకి చూడలేక, హుందాగా రెండడుగులు వెనక్కి వేశారు.

గొయ్యి ఇంకా పూడ్చలేదు.

మర్నాడు ఆస్పత్రిలో మాస్టారి కాలు కట్టుతో పైకి వేలాడుతుంటే మంత్రిగారు ఫొటోగ్రాఫర్లతో వచ్చారు. వెనకే పీఏ, చేతిలో అదే పత్రం, టైలరమ్మ పేరు కొట్టేసి. తలుపు దగ్గర చంకకర్రతో టైలరమ్మ.

"మాస్టారూ, బాగా నొప్పిగా ఉందా?" అంటూ మంత్రిగారు కట్టు మీద ఆప్యాయంగా తట్టారు.

పీఏ పెన్ను మూత తీశాడు.

మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అబ్బే, నొప్పేం లేదండీ. చక్కిలిగింతలు పెట్టినట్టుంది."