మూడు వేల ఏళ్ల అవ్వకు వారసుల సమ్మతి

మనిషి చనిపోయాక ప్రభుత్వంతో అతని వ్యవహారం ముగిసిపోతుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లెప్పుడూ జనగామలోని పురా అవశేషాల అనుమతుల విభాగం గడప తొక్కలేదన్నమాట.

ప్రవళిక తొక్కింది. కొడకండ్ల పిల్ల, పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చివరి ఏడు. రఘునాథపల్లి దగ్గర రాకాసి గుళ్లలో, అంటే పాతకాలపు రాతి సమాధుల్లో, దొరికిన అస్థిపంజరం మీద ఆమె థీసిస్. ఆ ఎముకలు విభాగం వారి స్టోర్‌రూములో ఒక చెక్కపెట్టెలో ఉన్నాయి. గడువులోగా థీసిస్ ఇవ్వకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

పెట్టె తెరవాలంటే యాప్‌లో దరఖాస్తు చేయాలి. మృతుల పేరు రాయకపోయినా ఫరవాలేదు (ఉదారత). వయసు, ఆడా మగా అన్నవి మాత్రం తప్పనిసరి.

"సార్, గవి తెల్సుకునేందుకే గద ఎముకలు జూస్తనంటున్న," అంది ప్రవళిక.

"వయసు రాయకుంటే ఎట్ల జూపెడ్తం బిడ్డా?" అన్నాడు సూపరింటెండెంట్ సోమేశ్వర్. మంచి మనిషి, వచ్చినవాళ్లందరికీ కుర్చీ చూపిస్తాడు. "ఏదో ఒకటి కొట్టు. తర్వాత జూసుకుందం."

స్త్రీ, ముప్పై అయిదు అని కొట్టింది. యాప్ సంతోషించి వారసుల సమ్మతి పత్రం అడిగింది. మృతురాలు పోయి మూడు వేల ఏళ్లయింది కనుక వారసులు వెంటనే దొరక్కపోవచ్చని విభాగం ముందే ఊహించింది. అలాంటప్పుడు భూమి ఎవరిదైతే వారసుడు వారే (నిబంధన 14, ఉపనిబంధన ఇ).

ఆ సమాధులున్న చెలక జగపతి అనే రైతుది. "గిన్నేండ్ల సంది మా చెల్కల పండుకున్నదంటే మా అవ్వనే అయితది," అని కళ్లొత్తుకుని సంతకం పెట్టాడు.

అనుమతి వచ్చేసరికి గడువుకు వారం మిగిలింది. ప్రవళిక పెట్టె తెరిచి, కటి ఎముకను రెండు చేతులా ఎత్తి చూసింది. ఏభై దాటిన మగమనిషి, సందేహమే లేదు. రెండేళ్ల చదువు చేతికి తగిలినట్టయి ఆమెకు ఆనందం పట్టలేదు. దరఖాస్తులో తను ఏం కొట్టిందో ఆ తర్వాత గుర్తొచ్చింది.

సవరణకు మళ్లీ వారసుడి సంతకం కావాలి. జగపతి ససేమిరా అన్నాడు.

"మొన్న పెత్రమాసకు అవ్వ పేరు మీద అయ్యగారికి బియ్యమిచ్చిన. ఇప్పుడు మొగోడంటే, గా బియ్యం ఎవలకు ముట్టినట్టు?"

దీనికి నిబంధన లేదు. సోమేశ్వర్ నిజంగానే బాధపడ్డాడు. "రికార్డు ఆన్‌లైన్ల ఎక్కింది బిడ్డా, మారది. ఎముకలు సుత మారయి. ఇగ మారేది నీ థీసిసే."

ప్రవళిక రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు స్త్రీ, ముప్పై అయిదు అని రాసిచ్చింది.

ఆమె నిర్ధారణ ప్రభుత్వ రికార్డుతో అక్షరాలా సరిపోయిందని మెచ్చుకుని పరీక్షకులు డిస్టింక్షన్ ఇచ్చారు.