అతి తక్కువ చెత్త గల ఇల్లు

ఆ ఆదివారం ఉదయానికి తప్పులాయన మూడు పనులు పెట్టుకున్నాడు. ఆరింటికి నిద్ర లేవాలి. ఏడింటికి ఎదురింటి డ్రాయింగు మాస్టారి పరువు వీధిన పడెయ్యాలి. తొమ్మిదింటికి తన గేటుకి బోర్డు కొట్టించుకోవాలి. మొదటి పని సవ్యంగానే జరిగింది. రెండో పనికి బయల్దేరబోతుంటే పైజామాకి బొందు లేదని తేలింది.

"నా పైజామా బొందేదీ?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు, ఒక చేత్తో నడుము పట్టుకుని.

"నిన్న ఉతికి తీగ మీద వేశాను. నేనేమైనా దాచుకుంటానా దాన్ని?" అంది భార్య. "ఎదురింటి మాస్టారు ఈపాటికి గేటు ముందు ఊడ్చేసి నడకకి కూడా వెళ్ళుంటారు. మీకింకా బొందే దొరకలేదు."

బొందు గురించి మాట్లాడినా మాస్టారు రావలసిందే. ఆ ఇంట్లో పంపు కారినా, బల్బు మాడినా, కూరలో ఉప్పు ఎక్కువైనా మాట చివరికి ఎదురింటి గేటు దగ్గరే ఆగేది. తప్పులాయన పిన్నీసు వెతుక్కుని పైజామాకి గుచ్చుకున్నాడు. ఇంకొక్క గంట ఓపిక పడితే చాలు, ఆ తర్వాత ఈవిడే మాస్టారి పేరెత్తడానికి సిగ్గుపడుతుందని లోలోపల మురిసిపోయాడు.

తప్పులాయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. ఇరవై ఆరేళ్ళుగా ఎర్రసిరా కలంతో ఇతరుల తప్పులు పట్టి, మార్జిన్లో కొక్కేలూ సున్నాలూ గీసి గీసి, ఆ అలవాటు ఇంటిదాకా తెచ్చుకున్నాడు. వీధి సంఘం వాళ్ళు గోడకి అంటించే నోటీసుల్ని కూడా దారిన పోతూ దిద్దేస్తుంటాడు. అందుకే వీధిలో ఆ పేరు పడింది. తన తప్పు ఇంతవరకూ ఎవరూ పట్టలేదు కనక ఆ పేరంటే ఆయనకి కాస్త గర్వమే.

అసలు గొడవంతా నగరపాలక సంస్థ పెట్టిన పోటీతో మొదలైంది. ప్రతి ఇంటికీ తడి చెత్తకి ఒక డబ్బా, పొడి చెత్తకి ఒక డబ్బా ఇచ్చారు. గేటుకి ఒక కార్డు వేలాడదీశారు. రోజూ పొద్దున్నే చెత్తబండి తోసుకొచ్చే బండక్క రెండు డబ్బాలనూ కొక్కెం కాటాకి తగిలించి, బరువు కార్డు మీద రాసి, ముందుకి పోయేది. మూడు నెలలకోసారి లెక్క చూసి, అందరికన్నా తక్కువ తూగిన ఇంటికి బోర్డు ఇచ్చేవారు. ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలతో "ఈ వీధిలో అతి తక్కువ చెత్త గల ఇల్లు" అని రాసి, కింద ఇంటి నంబరు వేసేవారు. ఇంతవరకూ ఇచ్చిన రెండుసార్లూ ఆ బోర్డు డ్రాయింగు మాస్టారికే దక్కింది. రెండోది మొదటిదాని కింద, దర్వాజాకి చిత్రపటం తగిలించినంత తిన్నగా కొట్టుకున్నారాయన.

ఆ రెండో బోర్డు పడ్డ రోజే తప్పులాయనకి కడుపులో మంట మొదలైంది. బోర్డు లేకపోతే పోయె. దాన్ని చూసి భార్య, "ఒక్కసారైనా మన గేటుకి అలాంటిది పడితే బాగుండును. అయినా మనకెక్కడొస్తుంది లెండి," అంది. ఆ "లెండి" ఆయన గుండెలో ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ తననోసారి మెచ్చుకోవాలని ఇంతగా అనిపించడం అదే మొదలు. పొద్దున వరండాలో కూర్చుని పేపరు అడ్డం పెట్టుకుని ఎదురింటి డబ్బాని చూసేవాడు. అంత చిన్న డబ్బా, అదీ సగమే నిండేది. ఆయన తినడా, చదవడా, ఏమీ కొనడా? డబ్బాలో వేసిన తొక్కలకన్నా ముందే తప్పులాయన మనసు కుళ్ళిపోయింది.

మొదట్లో నిజాయితీగానే ప్రయత్నించాడు. పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, మడిచి వేశాడు. కడిగినా బరువు తగ్గలేదు. టీ పొడిని పిండి చూశాడు. చివరికి మరో మార్గం తట్టింది. దీపాలు పెట్టే వేళకి షికారు వంకతో బయల్దేరి, సగం చెత్త నల్ల సంచీలో మూటగట్టి, వీధి చివర కరెంటు పెట్టె వెనకాల మూలన వదిలి రావడం మొదలుపెట్టాడు. దాన్ని పారెయ్యడం అని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అక్కడ ఉంచుతున్నాననుకున్నాడు. విచిత్రంగా మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి ఆ మూల అద్దంలా ఉండేది. జన్మలో మొదటిసారి ఆయన నగరపాలక సంస్థని మెచ్చుకున్నాడు.

ఇరవై రోజులు అలా గడిచాక, గురువారం నాడు ఆయనకి పెందలాడే షిఫ్టు పడింది. ఏడింటి బస్సు వీధి చివర మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి కనిపించింది ఆ దృశ్యం. కరెంటు పెట్టె దగ్గర డ్రాయింగు మాస్టారు వంగి ఉన్నారు. చేతిలో నల్ల సంచీ ఉంది. బస్సు ముందుకి పోయింది.

తప్పులాయనకి ఒళ్ళు పులకరించింది. ఇదన్నమాట సగం డబ్బా రహస్యం. ఇన్నాళ్ళూ ఇంటి చెత్త తెచ్చి మూలన పోసి, గేటుకి రెండు బోర్డులు తగిలించుకున్నాడన్నమాట ఈ పెద్దమనిషి. సంతోషం వెంటనే కోపమూ వచ్చింది. తనకి ఇరవై రోజుల కిందట తట్టిన ఉపాయం ఈయనకి పోటీ మొదట్లోనే తట్టిందని తల్చుకుంటే కడుపు మరింత మండింది. మాస్టారు ఆ సంచీని అక్కడ పెట్టకుండా, అక్కణ్ణుంచి తీస్తూ ఉండొచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. రోడ్డు మీదున్న చెత్తని వంగి తీసిన అనుభవం ఆయనకి లేదు మరి.

ఆ రాత్రే శానిటరీ ఇన్‌స్పెక్టరుకి ఉత్తరం రాశాడు. ఆదివారం ఏడింటికి వీధి చివర కరెంటు పెట్టె దగ్గరికొస్తే ఒక ఆదర్శ పౌరుడి అసలు రంగు చూడొచ్చని దాని సారాంశం. సంతకం పెట్టలేదు. దస్తూరీ తెలిసిపోతుందని ఎడమచేత్తో రాశాడు. మొదటి ప్రతి నచ్చలేదు, రెండోది రాశాడు. అదీ నచ్చక మూడోది రాశాడు. శుక్రవారం నాలుగో ప్రతిని ఇన్‌స్పెక్టరు ఆఫీసు ఫిర్యాదుల పెట్టెలో పడేసి వచ్చాడు. శనివారం సాయంత్రం సంఘం వాళ్ళ దగ్గరికి స్వయంగా వెళ్ళి, "రేపు పొద్దున్న అందరం కలిసి వీధి చివరిదాకా నడిస్తే ఎలా ఉంటుంది? శుభ్రత గురించి నలుగురికీ తెలిసొస్తుంది," అన్నాడు. అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన భార్య అయితే ఆ మాట విని రెండోసారి టీ పెట్టిచ్చింది.

ఆ తర్వాత హడావిడిగా సంచీ నింపి, తీగ మీద చేతికందిన తాడు లాగి దాని మూతి బిగించి, ఎప్పటిలాగే మూలన వదిలి వచ్చాడు. బోర్డు ఇచ్చే రోజు ముందు బరువు పెరగనివ్వడం తెలివితక్కువ కదా.

ఆదివారం ఏడింటికి పాతికమంది బయల్దేరారు. ముందు తప్పులాయన, పక్కనే ఆయన భార్య, వెనక ఇరుగుపొరుగు. ఎదురుగా బండి తోసుకుంటూ బండక్క వచ్చి, ఏదో జరుగుతోందని ఆమె కూడా వెనక్కి తిరిగి నడిచింది. మలుపు తిరిగేసరికి తప్పులాయన కోరుకున్నదంతా కళ్ళముందే ఉంది. కరెంటు పెట్టె దగ్గర డ్రాయింగు మాస్టారు, చేతిలో నల్ల సంచీ. అటు పక్క గోడ చాటునుంచి అప్పుడే బయటికొచ్చిన ఇన్‌స్పెక్టరు. ఆయన చంకలో, పాత పేపరు చుట్టిన బోర్డు.

"కదలకండి మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీ మీద ఫిర్యాదు ఉంది."

"నా మీదా?" అన్నారు మాస్టారు. కదలమన్నా కదిలే మనిషి కాదాయన. సంచీ పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"అయ్యయ్యో, మాస్టారూ, మీరా?" అన్నాడు తప్పులాయన. రెండు రోజులుగా అద్దం ముందు సాధన చేసిన మాట అది. "మీలాంటి వాళ్ళే ఇలా చేస్తే మాబోటి వాళ్ళం ఎవర్ని చూసి నేర్చుకోవాలి? ఇన్‌స్పెక్టరు గారూ, సంచీ విప్పించండి. నలుగురూ చూడనీండి."

"విప్పకపోతేనే మంచిదేమో," అన్నారు మాస్టారు నెమ్మదిగా, తప్పులాయన వైపే చూస్తూ.

"దొంగతనం బయటపడుతుందనా?"

మాస్టారు సంచీ కింద పెట్టారు. బండక్క ముందుకొచ్చి మూతికి కట్టిన తాడు విప్పింది. విప్పి పైకెత్తి పట్టుకుంది. తెల్లటి తాడు, రెండు కొసలా నీలం కుచ్చులు.

తప్పులాయన భార్య ఆ తాడు వంక చూసింది. తర్వాత మొగుడి నడుము దగ్గర మెరుస్తున్న పిన్నీసు వంక చూసింది.

"అలాంటి తాళ్ళు బజార్లో బోలెడు," అన్నాడు తప్పులాయన, ఎవరూ అడక్కుండానే.

బండక్క సంచీ బోర్లించింది. కడిగి, ఆరబెట్టి, మడిచిన పాల ప్యాకెట్లు పడ్డాయి. గట్టిగా పిండిన టీ పొడి ఉండలా పడింది. ఆ పైన సగానికి చింపిన మూడు కాగితాలు జారాయి. ఇన్‌స్పెక్టరు వంగి తీసి, ముక్కలు కలిపి, జేబులోంచి తనకొచ్చిన ఉత్తరం తీసి పక్కన పెట్టి చూశాడు. అదే విషయం, అదే ఎడమచేతి రాత. కాకపోతే ఈ మూడు కాగితాల మార్జిన్ల నిండా ఎర్రసిరా. కొక్కేలు, సున్నాలు, అడ్డగీతలు. రాయడం ఎడమచేత్తో రాశాడు కానీ, రాసింది చూస్తే దిద్దకుండా ఉండలేక కుడిచేత్తో ఎర్ర కలం అందుకున్నాడు. మూడు ప్రతులనీ మూడుసార్లు దిద్దాడు.

పాతికమందీ ఆ కాగితాల మీదికి వంగారు. వాళ్ళలో ఆ గీతలు తెలియనివాళ్ళు లేరు. సంఘం నోటీసు ఏది అంటించినా మర్నాటికి దాని మీద అవే గీతలుండేవి.

"ఇరవై రోజులనుంచి మాస్టారి డబ్బా బరువెక్కింది," అంది బండక్క తీరిగ్గా. "ఏంటి సారూ అంటే చుట్టాలొచ్చారమ్మా అన్నారు. ఆ చుట్టం ఈయనా?"

"అంటే ఈ సంచీలు మీరు పడెయ్యడం లేదా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"రోజూ నడకకొచ్చినప్పుడు ఇక్కడ ఉంటోంది," అన్నారు మాస్టారు. "కుక్కలు చింపకముందే తీసుకెళ్ళి, తడీ పొడీ వేరుచేసి మా డబ్బాలో వేస్తున్నాను. రెండో రోజే ప్రూఫు కాగితం కనబడింది. ఈయన ఆఫీసు తొందరలో దారిలో పెట్టి మర్చిపోతున్నారేమో అనుకున్నాను. చెప్తే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

తప్పులాయనకి భూమి చీలిపోతే బాగుండుననిపించింది. అంత అవమానంలోనూ ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది మాస్టారు ఆ మాట అన్న తీరు. కోపంగా తిట్టి ఉంటే మనిషి తనతో సమానమయ్యేవాడు. ఈయన ఇందులో కూడా తనకన్నా మెరుగ్గానే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు చంకలోని బోర్డు తీసి, ఇబ్బందిగా పేపరు విప్పాడు. "ఇంకో చిక్కుంది. మూడు నెలల లెక్క నిన్ననే చూశాం. మాస్టారి బరువు చివర్లో పెరిగిపోయింది. అందరికన్నా తక్కువ తూగింది పద్నాలుగో నంబరు. పెయింటరు రాసేశాడు కూడా."

పద్నాలుగో నంబరు తప్పులాయనది. ఆకుపచ్చ రేకు మీద తెల్లక్షరాలు ఎండలో తళతళలాడాయి. తన చెత్త మాస్టారు మోసి తన చేతికి బోర్డు ఇప్పించారని అర్థం కావడానికి ఆయనకి కొంచెం సేపు పట్టింది.

"ఇచ్చెయ్యండి, గెలిచింది వారే కదా," అన్నారు మాస్టారు.

"మీ డబ్బాలో తగ్గితే చెత్త తగ్గినట్టు కాదండీ," అంది బండక్క తప్పులాయనతో. "ఎవరో ఒకళ్ళు మొయ్యాల్సిందే. ఇన్నాళ్ళూ మాస్టారు మోశారు, లేకపోతే నేను మోసేదాన్ని."

తప్పులాయన భార్య ముందుకొచ్చింది. "ఆ బోర్డు మా గేటుకి వద్దు ఇన్‌స్పెక్టరు గారూ. మా చెత్త ఎక్కడుంటే అక్కడే కొట్టండి."

ఇన్‌స్పెక్టరు కరెంటు పెట్టె వెనక గోడకి బోర్డు కొట్టించాడు. రోడ్డు మీద చెత్త వేసినవాళ్ళు నెలరోజులపాటు, పొద్దున ఆరునుంచి ఎనిమిదిదాకా, అదే చోట కాపలా కాయాలన్న నిబంధన ఒకటి ఉందని కూడా గుర్తుచేశాడు. తప్పులాయన మెడలో ఒక ఈల తగిలించి వెళ్ళిపోయాడు. భార్య ఇంటికి వెళ్తూ పైజామా బొందు చేతిలో పెట్టింది.

మొదటి వారం ఆయన తల ఎత్తలేదు. రెండో వారానికి సంచీతో వచ్చేవాళ్ళని దూరంనుంచే నడకని బట్టి పసిగట్టడం పట్టుబడింది. వంకలన్నీ తనకి తెలిసినవే కనక ఒక్కరూ తప్పించుకోలేకపోయారు. మూల శుభ్రం చేసి, గోడకి సున్నం వేసి, రెండు పూలకుండీలు పెట్టాడు. మూడో వారంలో ఒకరోజు భార్య ఫ్లాస్కులో టీ తెచ్చి, చుట్టూ చూసి, "బాగానే ఉంచారు," అంది. ఆ మాట ఆయన రోజంతా తల్చుకున్నాడు.

నడకకొచ్చిన మాస్టారు కూడా ఆగి కుండీల వంకా, ఊడ్చిన నేల వంకా చాలాసేపు చూశారు.

"మా గేటు ముందు ఇంత శుభ్రంగా ఉండదండీ," అన్నారు. అని, గోడని వేలితో తాకి చూసి, "ఆ సున్నంలో నీలిమందు ఎంత కలిపారు?" అని అడిగారు.

ఆ గొంతులో సన్నగా కుళ్ళు వినబడింది తప్పులాయనకి. నాలుగు నెలలుగా తన గొంతులో వింటున్నదే కాబట్టి వెంటనే గుర్తుపట్టాడు. ఎంత కలిపాడో మాత్రం చెప్పలేదు.

నెల గడిచి కాపలా అయిపోయింది కానీ ఆయన ఆ మూల వదల్లేదు. వదిలే వీలు కూడా లేకపోయింది. కొత్తగా వచ్చిన పోస్టుమ్యాను గోడ మీద నంబరు చూసి పద్నాలుగో ఇంటి ఉత్తరాలన్నీ అక్కడే ఇచ్చి పోతున్నాడు.